పదిహేను శాతం రవణమ్మ

మ్యూజియం ప్రారంభానికి వారం ఉందనగా ఒక జీపు నిండా కుళ్ళిన గొంతులు వచ్చి దిగాయి.

దించినవాడు అటెండరు గవరయ్య. మొదటి కట్ట విప్పి చూసి, రెండు చేతులూ తువ్వాలుకి తుడుచుకుని మెట్లమీదే కూలబడ్డాడు.

"బాబూ, ఇవేటివో తవరే సూడండి. నాను ఇప్పుడే సద్దన్నం తినొచ్చినాను."

మ్యూజియం ఇన్‌చార్జి పొట్నూరు సింహాద్రి కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాడు. స్టిక్కర్లు. ప్రతి స్టిక్కరు మీదా తెరిచిన నోరు. ఆ నోట్లో ఉండకూడనివన్నీ ఉన్నాయి. కింద ఎర్రటి అక్షరాల్లో 'పొగాకు ప్రాణాంతకం'. అగ్గిపెట్టెంత నోళ్ళు, పలకంత నోళ్ళు, తలుపంత నోళ్ళు.

జీపు ముందు సీట్లోంచి మొదట ఒక కొలత టేపు దిగింది. దాని వెనక డాక్టర్ త్రివిక్రమరావు దిగాడు.

ఆయన రాష్ట్ర ధూమ నియంత్రణ మండలికి ప్రాంతీయాధికారి. గుంటూరు వైపు నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చాడు. వైద్యం చదివాడు గాని, రోగిని చూసి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. ఇప్పుడు నిబంధనల నాడి మాత్రమే పట్టుకుంటాడు.

"సదరు మ్యూజియమునందు ప్రదర్శింపబడుచున్నవి ఏమిటి?" అన్నాడు, బోర్డు చూస్తూనే.

"చుట్ట పెట్టెలండి."

"పొగాకు ప్యాకింగు అన్నమాట."

"ఖాళీ పెట్టెలండి."

"పొగాకు ప్యాకింగు," అని త్రివిక్రమరావు రెండోసారి అన్నాడు. మొదటిసారి అన్నది అభిప్రాయం, రెండోసారి అన్నది తీర్పు. "ప్రతి ప్యాకింగు మీదా నూటికి ఎనభై ఐదు వంతుల మేర హెచ్చరిక బొమ్మ ఉండి తీరాలి. స్టిక్కరు తొలగించుట నేరం. చింపుట నేరం. దాని మీద గీతలు గీయుట నేరం. అంటించండి."

సింహాద్రి చూపు తనకు తెలియకుండానే లోపలి గదిలో, మధ్య అద్దాల బీరువాలో, ఒంటరిగా ఉన్న ఒక చెక్కపెట్టె మీదికి వెళ్ళింది.

ఆ పెట్టె మీద రవణమ్మ ఉంది.

*

ప్రతి జిల్లాకీ ఒక పూర్వీకుల పరిశ్రమ ఉండాలనీ, ప్రతి పరిశ్రమకీ ఒక మ్యూజియం ఉండాలనీ ప్రభుత్వానికి ఉత్సాహం వచ్చిన ఏడాది అది. పక్క జిల్లాకి బెల్లం దక్కింది. ఆ పక్కదానికి గోనెసంచులు. ఈ జిల్లాకి, అంటే తోటవలస ఊరికి, చుట్టలు వచ్చాయి.

అయితే చుట్టలు పెడితే పొగాకుకి ప్రచారం చేసినట్టవుతుంది. అందుకని చుట్టల మ్యూజియంలో చుట్టలు ఉండరాదని ముందే తీర్మానించారు. పెట్టెలు ఉండవచ్చు. పెళ్ళికొడుకుని ఇంట్లో కూర్చోబెట్టి పల్లకీ ఒక్కదాన్నే ఊరేగించమన్నారు. సింహాద్రి పల్లకీని భుజానికెత్తుకున్నాడు.

ఎత్తుకున్నాక దాని అందం ఆయనకి తెలిసొచ్చింది.

చుట్ట పుట్టినప్పుడు దానికి బట్టల్లేవు. మొదటి మొలతాడు అరటినార. గుప్పెడు చుట్టల్ని నారతో కట్టి సంతలో పడేసేవారు. తరవాత తాటాకు గొట్టాలు, మోదుగాకు పొట్లాలు వచ్చాయి. ఓడెక్కి సముద్రం దాటాల్సి వచ్చేసరికి చుట్టకి మర్యాద అవసరమైంది. జారుడు మూతల చెక్కపెట్టెలు, లోపల పెళ్ళికూతురి మేలిముసుగులాంటి తెల్లకాగితం అంచులు. ఆ తరవాత రేకు డబ్బాలు వచ్చాయి. వాటిమీద రాజుగారి తలకాయ ఉండేది. రాజుగారు ఓడెక్కి వెళ్ళిపోయాక అదే డబ్బా మీద ఆ తలకాయ మీదే ఆవుబొమ్మ అచ్చేశారు. ఎండలో పెట్టి చూస్తే ఆవుకి ఇప్పటికీ మీసాలు కనిపిస్తాయి. కొందరు గొప్పవాళ్ళు ఒక్కో చుట్టకీ బంగారురంగు కాగితం ఉంగరం తొడిగారు. విమానం మార్కు పెట్టె ఒకటుంది. దాని బొమ్మ వేసినవాడు విమానాన్ని ఎప్పుడూ చూసినట్టు లేదు, రెక్కలకి ఈకలు పెట్టాడు.

సింహాద్రి ఊరూరా తిరిగి వీటిని పోగేశాడు. చుట్టలు కాలిపోయి తరాలైనా పెట్టెలు బతికే ఉన్నాయి. మంగలి కత్తుల పెట్టెగా, పంతులుగారి సుద్దముక్కల పెట్టెగా, మంత్రసాని బొడ్డుదారం పెట్టెగా. అడిగితే అందరూ ఇచ్చారు.

ఇవ్వనిది పారమ్మ ఒక్కతే.

పారమ్మ తండ్రి అడ్డచుట్టలు చుట్టేవాడు. ఈ వైపు ఆడవాళ్ళు కాల్చే చుట్టలు అవి. వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, వెలిగించని కొసని బయటికి ఉంచి కాలుస్తారు. దాన్ని అడ్డపొగ అంటారు. గాలేసినా ఆరదు, నాటువేసే చేతులకి అడ్డంరాదు. తండ్రి తన చుట్టలకి మద్రాసులో రంగుల లేబులు అచ్చేయించాడు. దేవతల బొమ్మలకి అచ్చువాళ్ళు ధర ఎక్కువ అడిగారని, తన పెళ్ళాం రవణమ్మ బొమ్మ గీయించాడు. ముక్కుకి నత్తు, నుదుట రూపాయంత బొట్టు, కాళ్ళకి కడియాలు, పెదాల మధ్య చుట్ట. పారమ్మ ఉయ్యాల దిగకముందే రవణమ్మ పోయింది. ఫొటో లేదు. ఆమె ముఖం ఈ భూమ్మీద ఉన్నది ఆ ఒక్క పెట్టె మూత మీదే.

"ఒట్టెయ్యి బాబూ," అంది పారమ్మ, పెట్టెని ఒళ్ళోంచి దించకుండా. "మాయమ్మకి ఏటీ అవదని ఒట్టెయ్యి."

"నీ సూదులూ దారాలూ మొయ్యడం ఎందుకు మామ్మా ఆవిడ? అద్దాల్లో పెడతాను. ఊరందరూ వచ్చి మీ అమ్మకి దణ్ణం పెట్టి వెళ్తారు. సింహాద్రి అప్పన్న మీద ఒట్టు."

"అప్పన్న పేరెట్టుకుని అప్పన్న మీద ఒట్టేసినావు. తప్పితే ఆయనకీ నీకూ పడతాది, నాకేటి," అని పారమ్మ సూదీదారం కొంగున ముడేసుకుని, ఖాళీ పెట్టె చేతిలో పెట్టింది. "తెరిసిన్నాడు ఒస్తాను. కొత్తకోక కట్టుకుని ఒస్తాను."

*

"ఎనభై ఐదు వంతులు పోతే పదిహేను వంతులు మిగులుతాయి కదండి," అన్నాడు సింహాద్రి. "ఆ పదిహేనూ ఎక్కడ ఉంచాలో మేం చూసుకుంటాం."

"పొరపాటు. హెచ్చరిక పై అంచు నుంచి మొదలవ్వాలి. మిగిలేది కిందే." త్రివిక్రమరావు రవణమ్మ మీద టేపు పెట్టి కొలిచాడు. "ఈమెకి కాళ్ళు మిగులుతాయి."

"కాళ్ళా?"

"కడియాలతో సహా. చూడండి సింహాద్రిగారూ, నాకు చరిత్ర అంటే గౌరవం. మా మండలి చరిత్రకి పదిహేను శాతం కేటాయించింది. ఇంకే శాఖా అంత ఇవ్వలేదు."

అంటించడం మొదలైంది. రాజుగారూ, ఆయన మీది ఆవూ ఒకే దెబ్బకి కుళ్ళిన నోటి వెనక్కి వెళ్ళిపోయారు. విమానానికి చక్రాలు మిగిలాయి. చెక్కపెట్టె మూత తెరిచి చూపిస్తే ఖాళీ అని తెలుస్తుంది కదా అని సింహాద్రి మూత తెరిచాడు. లోపలి వైపు కూడా ప్యాకింగేనని త్రివిక్రమరావు లోపల ఒకటి అంటించాడు.

తాటాకు గొట్టం దగ్గర పని ఆగింది. స్టిక్కరు అంటుకోలేదు.

"దీన్ని అట్టపెట్టెలో పెట్టండి," అన్నాడు త్రివిక్రమరావు. "అట్టపెట్టె మీద అంటించుదాం."

"అట్టపెట్టెలో పెడితే గొట్టం కనబడదు కదండి?"

"లోపల గొట్టం ఉన్నది అని రాయండి."

గుండ్రటి నారకట్టకి పై అంచు ఎక్కడో ఎవరికీ తేలలేదు. అందుకోసం ఒక ఉపసంఘం వేశారు. పేరు 'పదిహేను శాతం నిర్ణయ ఉపసంఘం'. పాలిటెక్నిక్ నుంచి లెక్కల లెక్చరరు ఒకాయన్ని సభ్యుడిగా తెచ్చారు. ఆయన నారకట్టని అటూ ఇటూ దొర్లించి, "గుండ్రటిదానికి మొదలు ఎక్కడైనా పెట్టుకోవచ్చు. కాకపోతే అక్కడే ఉంచాలి," అని టీ తాగాడు.

ఆ ఉపసంఘంలోనే సింహాద్రి చివరి ఎత్తు వేశాడు.

"అయ్యా, నిబంధనలో ధూమపానం అంటే ఏమిటో ఉంది. చుట్ట వెలిగి ఉండాలి. ఈ బొమ్మ చూడండి. ఈమె నోట్లో చుట్ట ఉంది. కొసన నిప్పేది? పొగేది?"

త్రివిక్రమరావు భూతద్దం తెప్పించాడు. చూశాడు. లెక్చరరు చూశాడు. చుట్ట కొస నల్లగా, చల్లగా ఉంది.

"నిప్పు లేదు," అన్నాడు త్రివిక్రమరావు నెమ్మదిగా.

"అయితే ఇది ధూమపానం కాదండి."

"కాదు. ఇది ఒక స్త్రీ నోటియందు ఒక వస్తువు ఉండుట మాత్రమే." ఆయన ముఖం వికసించింది. నిబంధన బిగించడంలో ఎంత సుఖం ఉందో, మినహాయింపు కనిపెట్టడంలో అంతకన్నా ఎక్కువ సుఖం ఉంది. "సూత్రప్రాయంగా మినహాయింపు ఇవ్వవచ్చును. సదరు స్త్రీ తాలూకు వారసులు ఎవరైనా వచ్చి, చుట్ట వెలిగి లేదని నోటిమాటగా చెప్పినచో చాలును."

గవరయ్య గుమ్మం దగ్గర దగ్గాడు. సింహాద్రి వాడివైపు ఒక చూపు చూశాడు. గవరయ్య దగ్గు మింగేశాడు. ఆ గదిలో అడ్డపొగ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఇద్దరూ నోరు మూసుకున్నారు.

పారమ్మ ఒక్క అబద్ధం ఆడితే చాలు. వాళ్ళమ్మ దక్కుతుంది.

*

"ఒకే మాట మామ్మా," అన్నాడు సింహాద్రి కలెక్టరాఫీసు వరండాలో. "చుట్ట వెలిగించలేదు అను. ఇంకేం అడిగినా తల ఊపు."

"ఎవులు ఎలిగించనేదు?"

"మీ అమ్మ. బొమ్మలో."

పారమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. కొంగు బిగించి దోపుకుంది. కొంగు దోపడం ఆవిడ విషయంలో మంచి సూచన కాదని సింహాద్రికి అప్పటికి తెలీదు.

లోపలికి వెళ్ళారు. 'ధూమపానం నిషిద్ధం' అన్న బోర్డు కింద త్రివిక్రమరావు కూర్చుని ఉన్నాడు. ముందు పెట్టె, పెట్టె మీద రవణమ్మ. పెట్టె మోసుకొచ్చిన గవరయ్య పక్కనే నిలబడ్డాడు.

"అమ్మా, ఈ చిత్రమునందలి స్త్రీ తమకు ఏమవుతారు?"

"నాను ఆవిడ కడుపున పడ్డాను."

"ఆమె నోటియందు ఉన్న చుట్ట వెలిగి లేదు. అవునా?"

పారమ్మ సింహాద్రి వైపు చూసింది. సింహాద్రి తల ఊపాడు. ఆవిడ ఊపలేదు.

"ఏటి బాబూ, ఏటన్నావు? మాయమ్మ నోట్లో ఆరిపోయిన సుట్టా?"

"మామ్మా..." అన్నాడు సింహాద్రి.

"నువ్వుండు! ఊరూ పేరూ ఉన్న మనిసి మాయమ్మ. మా నాన్న సుట్టలు పది సంతల్లో అమ్ముడుపోనాయంటే ఈ బొమ్మ సూసి. ఆరిపోయిన సుట్ట నోట్లో ఎట్టుకుని నిలబడతాదేటి, పిచ్చిదానిలాగ? నిప్పు నోట్లో ఉందిరా నాయనా! లోపల! ఆ బుగ్గ సూడు, పొగతోటి ఎలా ఉబ్బిందో!"

"లోపలా?" అన్నాడు త్రివిక్రమరావు. "నిప్పు నోటి లోపలా?"

"ఈ బాబుది ఏ ఊరు?" అని పారమ్మ గవరయ్యని అడిగింది. సమాధానం కోసం ఆగలేదు. వాడి చెవిమీదున్న చుట్ట లాగింది, జేబులోంచి అగ్గిపెట్టె లాగింది. గీసింది. అంటించింది. రెండు దమ్ములు లాగి, చుట్టని తిరగేసి, నిప్పు కణకణలాడుతున్న కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూసింది.

త్రివిక్రమరావు కుర్చీ వెనక్కి జరిగి గోడకి తగిలింది. నిషేధపు బోర్డు ఊడి ఆయన భుజంమీద పడింది.

"కాలిపోతుంది! నోరు! నీళ్ళు, నీళ్ళు తెండి!"

పారమ్మ ముక్కులోంచి పొగ వదిలింది. చుట్ట తీసి తీరుబడిగా చెప్పింది.

"ఈ సుట్టే మాయమ్మని తినేసినాది బాబూ. ఇక్కడ, అంగిట్లో పుండులాగ లేసింది. ఆర్నెల్లు గంజినీళ్ళే దిగినాయంట. ఆరిపోయిన సుట్ట మనిసిని తింటాదేటి?"

త్రివిక్రమరావు భుజంమీది బోర్డుని ఒళ్ళోకి దించుకున్నాడు.

"మరి..." త్రివిక్రమరావు గొంతు కొంచెం మనిషి గొంతులా వచ్చింది, "మరి తెలిసి తమరెందుకు కాలుస్తున్నారు?"

"మాయమ్మ కాల్సింది గావట్టి."

త్రివిక్రమరావు మళ్ళీ అధికారి అయిపోయాడు. బోర్డుని ఎత్తి బల్లమీద నిలబెట్టుకున్నాడు.

"మినహాయింపు రద్దు. అంతేగాక ఈ సంఘటన వలన ఒక మౌలికమైన లోపం బయటపడినది. నిప్పు నోటిలో దాగి ఉన్నది. అనగా కప్పి ఉంచునది ఏదైనను మనలను మోసగించగలదు. కావున నేటినుండి చుట్టనుగాని, చుట్ట పెట్టెనుగాని ఏది కప్పి ఉంచునో అది ప్యాకింగుగా పరిగణింపబడును."

"అంటే అద్దాల బీరువా?" అన్నాడు సింహాద్రి.

"ప్యాకింగు."

"బీరువా ఉన్న గది?"

"ప్యాకింగు."

సింహాద్రి ఆ తరవాతి ప్రశ్న అడగకుండా ఉంటే బాగుండేది. కాని అప్పటికే నోరు తెరిచాడు.

"భవనం?"

త్రివిక్రమరావు కళ్ళు కిటికీలోంచి దూరంగా చూశాయి. గొప్ప ఆలోచన వచ్చినప్పుడు అధికారుల కళ్ళు కిటికీలోంచే చూస్తాయి.

"ఫ్లెక్సు వాళ్ళని పిలవండి," అన్నాడు.

*

తోటవలసకి మూడు మైళ్ళ అవతల, బస్సు మలుపు తిరగ్గానే నోరు కనపడేది.

రెండంతస్తుల భవనం మొత్తం నోరే. పై అంతస్తు నిండా అంగిలి, దాని మధ్యలో రోడ్డు రోలరంత పుండు. కింది అంతస్తుకి పళ్ళు. ఎనభై ఐదు శాతం కచ్చితంగా కప్పాక మిగిలిన పదిహేను శాతం గుమ్మం, రెండు మెట్లు. చిన్నపిల్లలు బస్సులో ఏడ్చారు. కిటికీ పక్క కూర్చున్నవాళ్ళు ఇవతలికి జరిగారు. మ్యూజియం లోపల పట్టపగలు దీపాలు వెయ్యాల్సి వచ్చింది. ఆ దీపాల వెలుగులో అద్దాల బీరువాల మీద నోళ్ళు, వాటిలోపల పెట్టెల మీద నోళ్ళు.

ప్రారంభోత్సవం రోజు ముఖ్య అతిథి కారు భవనం ముందు ఆగింది. ఆయన అద్దం దించి ఒకసారి పైకి చూశాడు. "నాకు చెప్పింది మ్యూజియం అని కదయ్యా, ఇది ఆస్పత్రి!" అని అద్దం ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఆస్పత్రి అనుకున్నది ఆయన ఒక్కడే కాదు.

పదిగంటలకల్లా గుమ్మం ముందు జనం బారులు తీరారు. సింహాద్రి సంతోషంతో పరిగెత్తుకొచ్చాడు. మొదటివాడు చెంపకి తువ్వాలు కట్టుకుని ఉన్నాడు. రెండోవాడు బుర్రకథ చెప్పేవాడు, గొంతు పోయింది. మూడో ఆవిడ మాట్లాడలేక గొంతు వైపు వేలు చూపిస్తోంది, చేపముల్లు దిగిపోయింది.

"బాబూ, ఈలందరూ మన బొమ్మ సూసి ఒచ్చినారు," అన్నాడు గవరయ్య. "ఇంత పెద్ద నోరు ఏసినారంటే డాకటేరు కూడా అంత పెద్దోడే ఉంటాడనుకున్నారంట."

"ఇది మ్యూజియం అని చెప్పు!"

"సెప్పినాను. అదేటి రోగం అనడిగినారు."

చేపముల్లు ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి గవరయ్య ఉండబట్టలేక, తన కేరేజీలోంచి ఒక పెద్ద అన్నం ముద్ద తీసి మింగించాడు. ముల్లు దిగింది. మ్యూజియానికి పేరు లేచింది. మధ్యాహ్నానికి వరస బస్టాండు దాకా పోయింది. సింహాద్రి చేతికి ఎవరో టార్చిలైటు ఇచ్చారు. ఆయన పురావస్తు శాస్త్రం చదివినవాడు. శిథిలమైన వాటిని జాగ్రత్తగా పరిశీలించడం అలవాటే గనక, నోళ్ళు తెరిపించి చూడసాగాడు.

"వరసలో రా ముసిలమ్మా," గుమ్మం దగ్గర గవరయ్య గొంతు. "టోకెను తీసుకుని నోరు తెరిసి ఉంచు."

"నాను నోరు తెరిస్తే నువ్వు తట్టుకోనేవు గాని, పక్కకి తప్పుకో."

పారమ్మ. కొత్తకోక. ఆకుపచ్చది, ఇంకా గంజి వాసన వస్తోంది. చేతిలో బంతిపూల దండ.

సింహాద్రి టార్చిలైటు ఆర్పేశాడు. ఏమీ చెప్పకుండా ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళాడు. మధ్య బీరువా దగ్గర వంగి కిందికి చూపించాడు. గాజు మీది నోటికి కింద, పెట్టె మీది నోటికి కింద, రెండు కాళ్ళు ఉన్నాయి.

పారమ్మ బీరువా చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది.

"ఇదేటి బాబూ? మాయమ్మ మిగతాదేది?"

"పదిహేను శాతమే ఉంచారు మామ్మా."

"మొగం?"

సింహాద్రి స్టిక్కరు వైపు వేలు చూపించాడు.

"దణ్ణం ఎట్టిస్తానన్నావు," అంది పారమ్మ. "కాళ్ళు ఒగ్గేసినారు, సాల్లే. దణ్ణానికి కాళ్ళే గదా గావాల." దండ ఆ గాజు పెట్టె అంచున పెట్టి, వంగి కళ్ళకద్దుకుంది. లేచేటప్పుడు మాత్రం ఆయన భుజం పట్టుకోవాల్సి వచ్చింది. "నాను అబద్దం ఆడుంటే మొగం ఉండునా?"

"ఉండేది మామ్మా."

"అయితే ఈ బుద్ది నాకు మాయమ్మే ఎట్టింది. దాన్నే అనుకోవాల," అని పారమ్మ వరసలో నిలబడ్డవాళ్ళని తోసుకుంటూ వెళ్ళిపోయింది.

*

నెల తిరిగేసరికి రాష్ట్రంలోని మ్యూజియాలన్నిటిలోకీ ఎక్కువమంది సందర్శకులు వచ్చినది తోటవలస మ్యూజియానికేనని తేలింది. త్రివిక్రమరావుకి శాలువా కప్పారు. ఆయన ఆ శాలువాతోనే జీపు దిగాడు.

"సింహాద్రిగారూ, శుభవార్త. ప్రజలు ఇచ్చటికి వైద్యం నిమిత్తం వచ్చుచున్నారు గనుక, ఈ భవనమును ఆరోగ్య సంస్థగా గుర్తించడమైనది. బోర్డు మంజూరైంది."

"డాక్టరో?"

"అది తదుపరి దశ. ప్రస్తుత సమస్య వేరు. ఆరోగ్య సంస్థ ఆవరణలో పొగాకు ప్యాకింగు ఉండరాదు. పెట్టెలు సాయంత్రంలోగా పోవాలి."

"అయ్యా, పెట్టెల కోసమే కదండీ ఈ భవనం!"

త్రివిక్రమరావు ఓపిగ్గా వేళ్ళు మడిచాడు. "పెట్టెలు ఉన్నాయి గనుక బొమ్మ పెట్టాం. బొమ్మ ఉంది గనుక రోగులు వచ్చారు. రోగులు వచ్చారు గనుక పెట్టెలు పోవాలి. ఎక్కడైనా తప్పుందా, చెప్పండి."

సింహాద్రి నిజాయితీగా వెతికాడు. ఎక్కడా తప్పు దొరకలేదు.

"ఇచ్చినవారికి తిరిగి ఇచ్చేయండి. స్టిక్కరు మాత్రం భద్రం. నేను స్వయంగా ఇళ్ళకి వచ్చి తనిఖీ చేస్తాను."

*

పారమ్మ పొయ్యిమీద గంజి మరుగుతోంది. సింహాద్రి పెట్టెని ఆవిడ ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"స్టిక్కరు ముట్టుకోకు మామ్మా. నేరం. లాగితే నీ మీద కేసు పెడతారు."

"నాను లాగుతానన్నానా?" అంటూ పారమ్మ పెట్టె ఎత్తి, గంజి ఆవిరి మీద పట్టుకుంది. చంటిపిల్లకి జలుబు చేస్తే పట్టుకున్నట్టు, అటు తిప్పి ఇటు తిప్పి. "దానంతట అదొస్తే నానేటి సేస్తాను?"

స్టిక్కరు అంచు లేచింది. మెల్లగా వంపు తిరిగింది. తడిసిన ఆకు జారినట్టు మొత్తం ఊడి ఆవిడ చేతిలో పడింది. చింపలేదు. గియ్యలేదు. తొలగించినది ఆవిరి.

ఇద్దరూ పెట్టె మూత వైపు చూశారు.

మూత తెల్లగా ఉంది. వట్టి చెక్క. కాళ్ళు, కడియాలు తప్ప రవణమ్మ లేదు. మండలి వారి జిగురు ఆమెని కూడా పట్టుకుపోయింది.

సింహాద్రి గోడకి ఆనుకుని జారి కింద కూర్చున్నాడు. అప్పన్న మీద ఒట్టు. ఎనభై ఏళ్ళు సూదుల పెట్టెగా క్షేమంగా ఉన్న తల్లిని, జాగ్రత్తగా చూస్తానని తీసుకుపోయి, తెల్లచెక్క తిరిగి ఇచ్చాడు.

"బాబూ," అంది పారమ్మ.

"క్షమించు మామ్మా."

"బాబూ, ఇలా సూడు."

ఆవిడ చేతిలో స్టిక్కరు తిరగబడి ఉంది. దాని జిగురుకి అంటుకొచ్చి, తడికి నానిన పాత లేబులు కాగితం పొరని ఆవిడ బొటనవేలు మెల్లగా రుద్దుతోంది. పొర ఉండలు ఉండలుగా రాలిపోతోంది. దానికింద ముందు ఎరుపు కనిపించింది, రూపాయంత బొట్టు. తరవాత ఒక కన్ను. తరవాత నత్తు.

జిగురులో మునిగి, ఒక్క గీత చెదరకుండా, కాళ్ళు తప్ప రవణమ్మ మొత్తం అక్కడే ఉంది. కుడివైపుది ఎడమకి, ఎడమవైపుది కుడికి మారింది, అంతే.

"నత్తు అటు మారింది," అన్నాడు సింహాద్రి.

"మాయమ్మ అద్దంలో సూసుకుంటే ఇలాగే అవుపించుండును," అంది పారమ్మ. "ఇన్నాళ్ళూ ఊరోళ్ళు సూసే మొగం సూసినాను. ఇది ఆవిడ సూసుకున్న మొగం."

*

త్రివిక్రమరావు మాట తప్పే మనిషి కాదు. పది రోజులకి జీపు పారమ్మ గుమ్మంలో ఆగింది. టేపు దిగింది. ఆయన దిగాడు. వెనక సింహాద్రి దిగాడు.

లోపల గోడకి మేకు. మేకుకి ఫ్రేము, ముందూ వెనకా గాజు బిగించింది. ఫ్రేములో పెద్ద నోరు, కింద ఎర్రటి అక్షరాలు. దానికి బంతిపూల దండ కూడా ఉంది.

త్రివిక్రమరావు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆయన ఉద్యోగ జీవితంలో హెచ్చరిక బొమ్మకి ఫ్రేము కట్టించుకున్న పౌరురాలిని చూడలేదు.

దగ్గరికి వెళ్ళి టేపు పెట్టాడు. స్టిక్కరు చిరగలేదు. గీతల్లేవు. పెట్టె మీంచి దానంతట అదే ఊడిందంటోంది గనక తొలగించినట్టూ కాదు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"అవగాహన అంటే ఇదీ సింహాద్రిగారూ. మారుమూల గుడిసెలో! నేను దీన్ని పైకి నివేదిస్తాను. అమ్మా, ఈ బొమ్మని రోజూ చూస్తారా?"

"రోజూ సూస్తాను బాబూ. లేసీ లేవగానే."

"చూసినప్పుడు ఏమనిపిస్తుంది?"

"మాయమ్మ గురుతొస్తాది."

ఆయన గంభీరంగా తల ఊపాడు. ఫ్రేము అంచున ఒకసారి వేలు పెట్టి, "వెనక ఏముంది?" అన్నాడు.

సింహాద్రి ఒక అడుగు ముందుకి వేశాడు.

"ఎనక గోడుంది," అంది పారమ్మ.

త్రివిక్రమరావు ఆలోచించాడు. స్టిక్కరు వెనక గురించి నిబంధన ఏమీ చెప్పలేదు. వేలు తీసేశాడు. నమస్కారం పెట్టి వెళ్ళి జీపెక్కాడు.

జీపు దుమ్ము అణిగేదాకా పారమ్మ గుమ్మంలో నిలబడింది. తరవాత లోపలికొచ్చి, దండ తీసి, ఫ్రేముని మేకు మీదే తిప్పి, కాళ్ళున్న పెట్టె మూతని దాని కింద ఆనించి, మళ్ళీ దండ వేసింది.

నూటికి నూరు వంతులూ రవణమ్మ గోడమీంచి చూస్తోంది, బుగ్గ ఉబ్బించుకుని, పెదాలు బిగించుకుని, నిప్పు నోట్లోనే దాచుకుని.